బహుమతి సరే, నేర్పేదెవరు?

పిల్లల కథల పోటీలకు తెలుగులో కొదవ లేదు. పిల్లల కోసం రాయడం నేర్పే చోట్లనే వెతుక్కోవాల్సి వస్తోంది.

బాలల దినోత్సవమైన నవంబరు 14 దగ్గరపడేకొద్దీ పిల్లల కథల పోటీల ప్రకటనలు వరసకడతాయి. కథ ఇన్ని పేజీలు మించకూడదు. సొంత రచనేనని, అనువాదమో అనుసరణో కాదని హామీపత్రం జతచేయాలి. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం. ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు. పత్రిక ఏదైనా, సాహితీ సంస్థ ఏదైనా ఇంచుమించు ఇవే షరతులు. మొదటి మూడింటితో ఎవరికీ పేచీ లేదు. పిల్లల కోసం కొత్తగా కలం పట్టినవాళ్లను దెబ్బతీస్తున్నది ఆ నాలుగోదే. వచ్చిన కథల్లో మూడింటికి బహుమతులు, మరికొన్నింటికి ప్రోత్సాహకాలు, ఇంకొన్ని సాధారణ ప్రచురణకు. మిగతావాళ్లకు తమ కథ ఎక్కడ కుంటుపడిందో చెప్పే దిక్కు లేదు. గెలిచినవాళ్ల సంగతీ అంతే. తమ కథ ఎందుకు నచ్చిందో వాళ్లకూ ఎవరూ చెప్పరు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి పంపేస్తారు. మరుసటి ఏడాది వాళ్లు అదే పద్ధతిలో ఇంకో కథ రాస్తారు.

పెద్దల కోసం రాసేవాళ్లకు ఇది అంత లోటు కాదు. పాఠకుల ఉత్తరాలొస్తాయి, సమీక్షలొస్తాయి, సభల్లో నలుగురు చర్చిస్తారు. పిల్లల రచయితకు ఆ వసతి లేదు. ఆయన పాఠకురాలు రెండో తరగతి చదువుతోంది. ఆ పిల్ల సమీక్ష రాయదు. నచ్చకపోతే పుస్తకం పక్కన పెట్టి ఆడుకోడానికి వెళ్లిపోతుంది. పుస్తకం కొనేది అమ్మానాన్నలు, బడికి ఎంపిక చేసేది హెడ్మాస్టరు, బహుమతికి నిర్ణయించేది పెద్దలు. ఈ వరసలో పిల్లల మాట రచయిత చెవిన పడే సందర్భమే రాదు. అందుకే వీళ్లకు పక్కన కూర్చుని చెప్పే మనిషి అవసరం మరీ ఎక్కువ.

పత్రికే బడి

అలాంటి మనుషులు తెలుగులో ఒకప్పుడు ఉండేవాళ్లు. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా తెలుగువాళ్లకు పరిచయమైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసు నుంచి ‘బాల’ పత్రిక మొదలుపెట్టారు. పెద్దల రచనలతో పాటు పిల్లలు రాసి పంపినవి కూడా వేశారు. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ ‘అమ్మ మాట వినకపోతే’ అచ్చయింది అందులోనే. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. ఆయనకంటే రెండేళ్లు చిన్నవాడైన బాపు బొమ్మలూ ఆ పత్రికలోనే వచ్చాయి. ఆ వయసులో తమ పేరు అచ్చులో చూసుకున్న ఇద్దరు కుర్రాళ్లు తర్వాత ఏం చేశారో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ముళ్లపూడి రాసిన బుడుగు మాట్లాడే తీరులో పిల్లల ఊపిరి అంత సహజంగా ఉండటానికి పునాది ‘బాల’ రోజుల్లోనే పడిందని నా నమ్మకం.

1947 జులైలో వచ్చిన ‘చందమామ’ది మరో దారి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపించారు. ఊళ్ల నుంచి వచ్చే కథల్లో విషయం ఉందనిపిస్తే భాష బాగాలేదని పక్కన పడేసేవాళ్లు కాదు. చందమామ శైలిలోకి తిరగరాసి వేసేవాళ్లు. కథ పంపిన గుమాస్తాయో, బడిపంతులో అచ్చయిన కథనూ తన దగ్గరున్న చిత్తుప్రతినీ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, పాఠం దొరికేది. పెద్ద వాక్యం రెండు ఎందుకయింది, వర్ణన ఎందుకు ఎగిరిపోయింది, రాజుగారి మాట ముందుకు ఎందుకు జరిగింది అని చూసుకోవడమే చదువు. చందమామకు వందల కథలు రాసిన వసుంధర దంపతుల లాంటివాళ్లు తయారైన వాతావరణం అది. ఇంకోపక్క దాసరి సుబ్రహ్మణ్యం అదే కచేరీలో కూర్చుని ‘తోకచుక్క’ మొదలుకుని ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు ధారావాహికలు రాశారు. పేరు వేసుకోకుండా రాశారు. ఆయన పేరు పాఠకులకు తెలియడానికి దశాబ్దాలు పట్టింది. కథ నడపడం నేర్చుకోవాలనుకునేవాళ్లు వాటిని ఇప్పటికైనా ముందేసుకుని కూర్చోవాలి. ఏ సంచిక చదివినా, ఎవరో ఒకరు ఆపదలో ఉండగానే కథ ఆగుతుంది.

చందమామలోని ఫొటో వ్యాఖ్యల పోటీ గుర్తున్నవాళ్లు చాలామందే ఉంటారు. రెండు ఫొటోలు ఇచ్చి, ఒక్కోదానికి రెండు మూడు మాటల్లో వ్యాఖ్య రాయమనేవాళ్లు. రెండు వ్యాఖ్యలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉండాలి. కార్డు మీద రాసి పోస్టు చేయాలి. చూడ్డానికి కాలక్షేపంలా ఉన్నా, బొమ్మల పుస్తకం రాసేవాళ్లకు కావలసిన సాధన మొత్తం అందులో ఉంది. బొమ్మలో కనిపిస్తున్నదాన్ని మళ్లీ మాటల్లో చెప్పకూడదు, ఉన్న నాలుగు మాటలూ పనిచేయాలి.

చందమామ ఆగిపోయింది. బాలమిత్ర, బొమ్మరిల్లు ఆగిపోయాయి. 1976లో ఏర్పాటైన ఆంధ్రప్రదేశ్ బాలల అకాడమీ పదేళ్లయినా నిలవలేదు. దినపత్రికల్లో ‘హాయ్ బుజ్జి’, ‘మొగ్గ’ లాంటి పేజీలు కొత్తవాళ్లకు చోటిస్తూ వచ్చాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే రోజువారీ పేజీ నింపే ఒత్తిడిలో ఉన్న సబ్ ఎడిటర్ ప్రతి రచయితతోనూ కూర్చోలేడు కదా.

ఒక్క ఊళ్లో ఇద్దరు

కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాలసాహిత్య పురస్కారం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు భాషల్లో ఏటా ఇస్తారు. 50 వేల రూపాయలు, తామ్రఫలకం. తెలుగులో మొదటిది ‘అడవి తల్లి’కి కలువకొలను సదానంద అందుకున్నారు. ఆయన అప్పటి చిత్తూరు జిల్లా పాకాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ తర్వాతి జాబితాలో కన్నెగంటి అనసూయ ‘స్నేహితులు’, డి.కె. చదువుల బాబు ‘వజ్రాల వాన’, పి. చంద్రశేఖర్ ఆజాద్ ‘మాయాలోకం’, 2025లో గంగిశెట్టి శివకుమార్ ‘కబుర్ల దేవత’ ఉన్నాయి. ఈ జాబితాలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి 2018, 2019 సంవత్సరాలు. 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావు, 2019లో బెలగాం భీమేశ్వరరావు. ఇద్దరిదీ పార్వతీపురమే. దేశంలో తెలుగువాళ్లున్న ఊళ్లన్నింటినీ దాటుకుని వరసగా రెండేళ్లు ఒకే చిన్న పట్టణానికి ఆ పురస్కారం వెళ్లింది.

దీన్ని యాదృచ్ఛికం అనుకోవచ్చు. నేను అనుకోను. ఒకరు రాస్తున్న ఊళ్లో రెండో మనిషికి రాయాలనిపిస్తుంది. రాసింది చదివి వినిపించడానికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక చెవి ఉంటుంది. సిద్దిపేట ప్రాంతంలోనూ ఇలాంటి వాతావరణమే ఉంది. అక్కడి ఉపాధ్యాయులు బాలసాహిత్యాన్ని ఉద్యోగంలో భాగంగానే చూస్తారు. కొత్తగా రాయాలనుకునేవాళ్లు ముందు చేయవలసిన పని పోటీల జాబితా తయారుచేసుకోవడం కాదు. మీ ఊళ్లోనో పక్క మండలంలోనో పిల్లల కోసం రాసేవాళ్లు ఎవరున్నారో కనుక్కోండి. నెలకోసారి ఒకచోట కూర్చోండి. ఒకరి కథ ఒకరు చదవండి. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన కార్యశాల లేదు.

ఎక్కడికి పంపాలి, ఎక్కడ నేర్చుకోవాలి

నేర్చుకోడానికి కూడా పనికొచ్చే పోటీ ఏదంటే, చివర్లో పుస్తకం చేతికొచ్చేది. సికింద్రాబాద్ తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ, అమెరికా తెలుగువాళ్ల తానా ప్రచురణలతో కలిసి బొమ్మల కథల పుస్తకాల పోటీలు పెట్టింది. గెలిచినవాటిని అచ్చువేసింది. కథ ఒక్కటే పంపించి ఊరుకోవడం కాదిక్కడ. బొమ్మలతో కలిపి, ఏ పేజీలో ఏముంటుందో ఆలోచించుకుని పంపాలి. రచయితా చిత్రకారుడూ ఒకరినొకరు వెతుక్కోవాలి. ఈ షరతు ఒక్కటే మనవాళ్లకు చాలా నేర్పిస్తుంది. మంచి పుస్తకం వాళ్లు మళ్లీ వేస్తున్న పాత సోవియట్ పిల్లల పుస్తకాలు తెచ్చుకుని చదవడం కూడా చదువులో భాగమే. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో వాళ్ల స్టాలు ముందు పిల్లలు ఏ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటున్నారో, ఏది రెండు పేజీలు తిప్పి పెట్టేస్తున్నారో ఒక గంట నిలబడి చూడండి.

బెంగళూరు కేంద్రంగా పనిచేసే ప్రథమ్ బుక్స్ 2015 సెప్టెంబరులో స్టోరీవీవర్ వేదిక తెచ్చింది. 24 భాషల్లో 800 కథలతో మొదలైంది. అక్కడి కథలు, బొమ్మలు ఉచితంగా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అక్కడున్న బొమ్మలు తీసుకుని కొత్త కథ అల్లుకోవచ్చు. అలా అల్లిన కథలకు పోటీలూ పెట్టారు. కొత్తవాళ్లకు దానిలో నాకు అన్నిటికంటే ఉపయోగంగా కనిపించేది స్థాయిల విభజన. మొదటి స్థాయి కథ 250 మాటలు దాటకూడదు. రెండో స్థాయికి 600, మూడో స్థాయికి 1500. ఎవరి కోసం రాస్తున్నామో తేల్చుకోకుండా కలం ఎత్తడానికి వీల్లేదు. మన పోటీ ప్రకటనల్లో ‘పిల్లల కథ’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. అయిదేళ్ల పిల్లకూ పన్నెండేళ్ల పిల్లాడికీ ఒకే కథ ఎలా సరిపోతుంది?

ఇంగ్లిషులోనో హిందీలోనో రాయగల తెలుగువాళ్లకు ఢిల్లీలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ ఉంది. కార్టూనిస్టు శంకర్ 1957లో స్థాపించిన ఆ సంస్థ పిల్లల పుస్తకాల రచయితలకు పోటీ నిర్వహిస్తూ వచ్చింది. అదే ఏడాది పుట్టిన నేషనల్ బుక్ ట్రస్టుకు 1993 నుంచి జాతీయ బాలసాహిత్య కేంద్రం ఉంది. రచయితలనూ చిత్రకారులనూ ఒకచోట కూర్చోబెట్టే కార్యశాలలు దాని పని. తెలుగుకు అవి వచ్చినప్పుడు వదులుకోకూడదు. అమెరికాలో 1971లో మొదలైన పిల్లల రచయితల, చిత్రకారుల సంఘానికి మన దేశంలోనూ శాఖ ఉంది. సభ్యత్వం తీసుకుని ఇంగ్లిషులో రాసేవాళ్లకు చిత్తుప్రతుల మీద పరస్పర విమర్శ అక్కడ అలవాటవుతుంది. తెలుగులో అలాంటి సంఘం ఒకటి గట్టిగా నడవాలని నా కోరిక. హైదరాబాద్‌లోని బాలసాహిత్య పరిషత్ లాంటి సంస్థలు ఆ దిశగా చేస్తున్న పనికి చేతులు కలపాలి.

మేకపిల్ల, బడిగంట

కార్యశాలల్లో ఏం నేర్పాలి అని అడిగేవాళ్ల కోసం ఒక చిన్న ఉదాహరణ. పోటీలకు వచ్చే కథలు చాలావరకు ఈ పద్ధతిలో మొదలవుతాయి. రామాపురం అనే అందమైన గ్రామంలో గోపి అనే మంచి బాలుడు ఉండేవాడు. అతనికి మూగజీవాలంటే ఎంతో దయ. ఒకరోజు బడికి వెళుతుండగా దారిలో కాలు విరిగిన మేకపిల్ల కనిపించింది.

ఇందులో తప్పేమీ లేదు. కానీ పక్కన బొమ్మ వచ్చాక ఈ మూడు వాక్యాల్లో మిగిలేదెంత? ఊరు బొమ్మలో ఉంది. బాలుడూ, దారీ, మేకపిల్లా, దాని కాలూ బొమ్మలో ఉన్నాయి. గోపి మంచివాడని ముందే చెప్పేశాం కాబట్టి అతను ఏం చేస్తాడో పిల్లలకు తెలిసిపోయింది. ఇక పేజీ తిప్పడం దేనికి? దీన్నే ఇలా రాసి చూద్దాం. మేకపిల్ల లేవలేదు. అటు బడిగంట మోగుతోంది. గోపి రెండడుగులు ముందుకేశాడు. అక్కడ ఆపి పేజీ మార్చాలి. మూడు చిన్న వాక్యాలే అయినా ఇప్పుడు వినే పిల్లకు ఒక పని దొరికింది. గోపి వెనక్కి తిరుగుతాడా, బడికి పోతాడా అని ఆ పిల్ల తనకు తానే ఊహించుకుంటుంది. దయ అనే మాట రాయకుండానే దయ గురించి మాట్లాడుకోవచ్చు.

ఇలాంటి లోపాలు విడి కాగితాల మీద రాసుకుంటే తేలవు. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకి మడిచి కుట్టుపిన్ను వేస్తే పదహారు పేజీల పుస్తకం తయారవుతుంది. కథను దాంట్లో పేజీలవారీగా పెన్సిల్‌తో రాసుకోండి. ఎక్కడ మూడు పేజీల పాటు ఒకే చోట కూర్చుని మాట్లాడుకుంటున్నారో, ఎక్కడ బొమ్మ వేయడానికి కొత్తగా ఏమీ లేదో వెంటనే తెలుస్తుంది. తర్వాత దాన్ని తీసుకుని దగ్గర్లోని బడికి వెళ్లండి. టీచరమ్మ అనుమతి అడిగి చదివి వినిపించండి. ఏ వాక్యం దగ్గర పిల్లలు పెన్సిల్ డబ్బాలు తెరుస్తున్నారో ఆ వాక్యం కొట్టేయండి. చివర ‘నీతి’ అని మొదలుపెట్టేసరికి చాలామంది బయటికి చూస్తుంటారు. అది కూడా గమనించి ఇంటికొచ్చి ఆ పేరా తీసేయండి.

చదవడం నేర్చుకుంటున్న పిల్లల కోసమైతే ఇంకో లెక్క ఉంది. ఒకటో తరగతి పిల్లకు గుణింతాలు వచ్చి ఒత్తులు ఇంకా రాని దశ ఒకటుంటుంది. ఆ పిల్ల తనంతట తాను చదువుకునే కథలో పిల్లి రాకూడదు, కుక్క రాకూడదు. ఎద్దు, గొర్రె, బర్రె, నక్క ఎవరికీ ప్రవేశం లేదు. మేక, ఆవు, కోడి, ఉడుత, నెమలి, తాబేలు, చీమ రావచ్చు. ఈ కట్టుబాటులో ఉంటూ కథ రక్తి కట్టించడం అవధానం చేసినంత పని. దీనికంటూ ఒక పోటీ పెట్టరాదా అని నాకు ఎన్నాళ్లుగానో అనిపిస్తోంది. ఒత్తులు లేకుండా వంద మాటల కథ. తెలుగు బడులకు ఇప్పుడు అలాంటి పుస్తకాలే కరవు.

భాష సంగతి వచ్చింది కాబట్టి యాస గురించీ చెప్పాలి. న్యాయనిర్ణేతల్లో కొందరు పిల్లల కథలో యాస కనబడగానే మార్కులు తగ్గించేస్తారు. ఆదిలాబాద్ పిల్ల ఇంట్లో మాట్లాడే మాట పుస్తకంలో కనిపిస్తే ఆ పుస్తకం తనదనుకుంటుంది. హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో తెచ్చిన పిల్లల కథల పుస్తకాల్లో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ లాంటివాళ్లు రాశారు. దళితవాడ, ముస్లిం ఇల్లు, రాయలసీమ పల్లె పిల్లల పుస్తకంలోకి తమ మాటతో సహా వచ్చాయి. అవి వచ్చి ఇన్నేళ్లయినా పోటీలకు వచ్చే కథలు ఇంకా రామాపురం దాటడం లేదు.

సంతకం పెట్టే ముందు

ఉత్సాహంలో ఉన్న కొత్త రచయిత షరతులు చదవడు. చదవాలి. ప్రవేశ రుసుము కట్టించుకుని పాల్గొన్న అందరికీ ప్రశంసాపత్రం ఇచ్చే పోటీల జోలికి వెళ్లకపోవడం మేలు. ‘పంపిన రచనలపై సర్వహక్కులూ నిర్వాహకులవే’ అన్న వాక్యం కనిపిస్తే, గెలిచినవాటికా, వచ్చిన ప్రతిదానికా అని అడగండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఎంతకాలానికో అందులో రాయకపోతే అయిదేళ్లకే అని అర్థం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఈ నాలుగు ముక్కలు తెలిసుంటే కథ సంకలనాల్లోకీ, ఆడియోలోకీ, పాఠ్యపుస్తకాల్లోకీ వెళ్లేటప్పుడు రచయిత నోరు తెరిచి అడగగలుగుతాడు.

పిల్లలే రాసినప్పుడు

అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రికలో పిల్లలు రాసినవి, పిల్లలు బొమ్మలు వేసినవి విరివిగా వచ్చాయి. ఎవరైనా వాడుకునేలా వాటిని అందరికీ తెరిచి పెట్టారు. సిద్దిపేట జిల్లా జక్కాపూర్ బడి పిల్లల కథలు పుస్తకంగా వచ్చాయి. పిల్లల కోసం రాయదలచిన పెద్దలు వీటిని తప్పక చదవాలని నా మనవి. పిల్లలు కథ చెప్పేటప్పుడు ఉపోద్ఘాతం ఉండదు. పులి మొదటి వాక్యంలోనే వచ్చేస్తుంది. అమ్మ తిడుతుంది, నాన్న అప్పు చేస్తాడు, కోడిని కోసి వండుకుంటారు. వాళ్ల లోకంలో ఉన్నవన్నీ కథలో ఉంటాయి. మనం ఏమేం దాచిపెడుతున్నామో ఆ కథల పక్కన మన కథ పెట్టుకుంటే తెలుస్తుంది. పిల్లలకు పోటీలు పెట్టే బడులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. కథను అమ్మానాన్నలు దిద్ది పంపితే బహుమతి రావచ్చు గానీ, ఆ పిల్ల రెండో కథ రాయదు.

నిర్వాహకులకు ఒక విన్నపం

పోటీలు పెట్టేవాళ్లలో చాలామంది సొంత డబ్బు ఖర్చుపెట్టేవాళ్లే. అమ్మానాన్నల పేరు మీదో, దూరమైన బిడ్డ జ్ఞాపకంగానో ఏటా ఒక మొత్తం పక్కన పెట్టి ఎంతో శ్రమపడి నడుపుతారు. వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అదే డబ్బును కాస్త వేరుగా ఖర్చు చేయమని అడుగుతున్నాను. మొదటి బహుమతి పదివేలుంటే అయిదువేలు చేయండి. మిగిలిన డబ్బుతో తుది వడపోతకు వచ్చిన పదిహేను మందిని ఓ శని, ఆదివారాల్లో ఏదైనా బడికి పిలవండి. దారిఖర్చులివ్వండి, భోజనం పెట్టండి. ఒక అనుభవమున్న సంపాదకుణ్ని, ఒక చిత్రకారుణ్ని, రెండు మూడు తరగతుల పిల్లల్ని వాళ్ల మధ్య కూర్చోబెట్టండి. శనివారం కథలు పిల్లలకు చదివి వినిపించాలి, రాత్రి తిరగరాసుకోవాలి, ఆదివారం మళ్లీ చదవాలి. ఫలితాలు ఆ తర్వాతే ప్రకటించండి, నిర్ణేతల్లో ఆ పిల్లలకూ చోటివ్వండి. రాలేకపోయినవాళ్లకు, వడపోతలో ఆగిపోయినవాళ్లకు కథకు రెండేసి వాక్యాల చొప్పున ఎక్కడ బాగుందో, ఎక్కడ ఆగిందో రాసి పంపండి. వచ్చే నవంబరు ప్రకటనలో ‘ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు’ అన్న వాక్యం తీసేసి, ఆ స్థానంలో ‘ప్రతి రచనకూ అభిప్రాయం పంపుతాం’ అని వేయండి.